జామీను సంతకం

బుచ్చమ్మా,

నాకు చెప్పకుండా మల్లయ్య ఇంటికి పోయి జామీను ఉండమని అడిగావు. పదేళ్లయినా ఆ కోపం పోలేదు. నీ దగ్గుకు అనంతగిరి క్షయ దవాఖానకు పోవాలంటే ముప్పై రూపాయలు కావాలి. జామీను లేనిదే షావుకారు ఇవ్వనన్నాడు. నిజమే. కానీ అంతకుముందు ఏడాది ఎద్దు కొనడానికి మల్లయ్య జామీను అడిగితే నేను ఉండనన్నానని నీకు తెలుసు. అయినా పోయావు. నిన్ను వాకిట్లోనే నిలబెట్టి, "నీ మొగడు నాకు పెట్టిండా సంతకం? పో వదినా" అన్నాడు. నా పరువు తీశావని తిట్టాను. ఆ చలికాలం దాటకుండానే నువ్వు పోయావు.

ఇప్పుడు మల్లయ్య భార్యకూ అదే దగ్గు. ఊళ్లో కొత్తగా పెట్టిన సహకార సంఘంలో అప్పిస్తారట, దానికీ జామీను కావాలట. సోమవారం వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఏం మొకం పెట్టుకొని అడగాలె?"

"నీ మొకం నాకెందుకురా, కాయితం తే" అన్నాను.

వేలిముద్ర చాలన్నా వినకుండా, నాకొచ్చిన నాలుగక్షరాలు కూడబలుక్కొని పేరు రాశాను. మర్నాడే వాళ్లు తాండూరులో రైలెక్కారు. ఆమెను దవాఖానలో చేర్చి, నిన్న మల్లయ్య ఒక్కడే తిరిగొచ్చాడు.

"యాళ్లకు తెచ్చినవన్నడు డాక్టరు. బతుకుతదంట, అన్నా" అని నా చేతులు పట్టుకున్నాడు.



ఎద్దు కోసం వచ్చిననాడే ఆ సంతకం పెట్టి ఉంటే నువ్వు బతికేదానివా? నా మనసు నొస్తుందని దాచకు. శుక్రవారం ఆమెను చూడటానికి పోతున్నాను. ఆలోపు నాకు జవాబు చెప్పు.