అడుగంటిన మూకుడు

హనుమకొండ

అమ్మా, దండాలు. ఫోన్‌లో మాట మీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. మీ మనవరాలు లాస్య అన్నం తింటోంది, ఫికర్ చేయకండి.

మీ బిడ్డ ప్రేమలతక్క పోయాక నేను ఈ ఇంటికొచ్చిన దగ్గరి నుంచి ఏం వండినా లాస్య ముట్టేది కాదు. బెండకాయ జిగురనేది, టమాట కూరలో ఉల్లిపాయలు ఏరేది. నిన్న కూర గిన్నెలోకి తీసి, ఎప్పటిలాగే మూకుట్లో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుంది. “పొయ్యకు చిన్నమ్మా! అమ్మయితే అండ్లనే అన్నం కలిపి పెడుతుండె” అన్నది. రోజూ నేను కడిగి పారబోస్తున్నది దాని ముద్దేనని నాకేం తెలుసు! వేడన్నం వేసి, అంటుకున్న కారమంతా గీకి కలిపాను. మొత్తం తిని, “మంచిగుంది గని అడుగు మాడలే” అని వంక పెట్టింది.

మీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అక్క చారులో ఏం వేసేదో చెప్పండి. ఆయన్ని అడిగితే “మంచిగుండేది” అంటారు, అంతే. బాపుకు నా దండాలు చెప్పండి.

అక్క వాడిన ఇనుప మూకుడు మీ దగ్గరే ఉందట. ఇవ్వబుద్ధయితేనే తీసుకురండి. లేకుంటే లాస్యను పంపిస్తాను, మీరే అందులో కలిపి పెట్టండి.

మీ
మమత