యాలకుల పేజీలో నలభై ముగ్గురు చుట్టాలు

సింగానల్లూరు,
కోయంబత్తూరు.

ఉచిత కంప్యూటర్ శిక్షణ కేంద్రం అధికారిణి గారి సముఖమునకు,

అయ్యా,

(తమరు అమ్మగారని ఎరుగుదును. మా తాత పెరియకుళంలో ఊరందరికీ అర్జీలు రాసిపెట్టేవాడు. ఆయన పాత నకళ్ల కట్ట ముందర పెట్టుకొని రాస్తున్నాను. అందులో అన్నీ 'అయ్యా'లే ఉన్నవి. మన్నించవలెను.)

విషయం: వెబ్ డిజైన్ ఉచిత తరగతి నుండి నా పేరు కొట్టివేయకుండా, ప్రాజెక్టు తిరిగి సమర్పించుటకు పదిహేను దినముల గడువు కోరుట గురించి.

సింగానల్లూరు కాపురస్తుడు, వయస్సు యాభై ఒకటి, వృత్తి బోర్డులు రాయుట (ప్రస్తుతం రాయకుండుట) అయిన మునిసామి చేసుకొను మనవి ఏమనగా:

1. తమ కేంద్రంలో అందరూ అరవంలో అర్జీ ఇస్తారు. నేను తెలుగులో ఇచ్చుటకు కారణం, తమరు వరండాలో ఫోనులో తమ అమ్మగారితో తెలుగు మాట్లాడగా విన్నాను. చాటుగా వినలేదు, కరెంటు పోయి అందరమూ వరండాలోనే ఉన్నాము. మాదీ ఇంట్లో తెలుగే. బడిలో అరవం చదివినాను. తెలుగు అక్షరాలు ఆంధ్రా లారీల వెనకాల పెయింటు వేస్తూ నేర్చుకున్నవి గనుక, ఇందులో అక్షరాలు లారీ సైజులో ఉన్నచో అది అలవాటు దోషం. ఈ భాష చూసి తమ మనసు కరుగుతుందన్న దురాశ కూడా నాకు ఉన్నదని ఒప్పుకొనుచున్నాను.

2. ఈ విద్యను తక్కువ ఖర్చులో నేర్చుకొనుటకు నేను పడిన పాట్లు విన్నవించుకొనుచున్నాను. మొదట గాంధీపురంలో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూటుకు పోయినాను. ఫీజు విని, దానికి బదులు మీ బోర్డు ఉచితంగా రాసిపెడతానన్నాను. అక్కడి అమ్మాయి తలెత్తి పైకి చూసింది. నేనూ చూసినాను. పైన ఎల్ఈడీ బోర్డు రంగులు మారుస్తూ వెలుగుతున్నది. నమస్కారం పెట్టి వచ్చేసినాను.

తరువాత ఫోనులో ఉచిత వీడియోలు చూసినాను. అందులో పిల్లవాడు "చాలా సింపుల్" అన్న ప్రతిసారీ నాకు ఒక మెట్టు తప్పిపోయేది. పదకొండు వీడియోలు చూసి నేను సాధించినది ఏమనగా, తెల్ల తెర మీద ఒక మూలన నా పేరు. అది చూపిస్తే నా భార్య జోతిమణి, "ఇది గోడ మీద నువ్వు అర నిమిషంలో రాస్తావు గదా?" అనింది. ఆ దినమే తమ కేంద్రంలో చేరినాను. పదిహేడుమంది పిల్లలు, ఒక నేను. టీచరు ఇందుజ గారి వయస్సు నా నిచ్చెన వయస్సు కన్నా తక్కువ. మొదటి తరగతిలో మౌసును బ్రష్షులాగ గాలిలోకి ఎత్తి పట్టుకొని తెర వైపు చూపినది నేనే. ఇందుజ గారు నా పేరు చెప్పక 'ఎవరో ఒకరు' అని మాత్రమే తమరికి చెప్పి ఉంటే, వారు నా పరువు కాపాడినారు.

3. ఆఖరి ప్రాజెక్టుకు నిబంధన: నిజమైన చిన్న వ్యాపారానికి ఒక పేజీ చేయవలెను. ఆ పేజీ చూసి కనీసం ఒక్కరైనా ఆ వ్యాపారికి ఫోను చేయవలెను. నేను బోడినాయకనూరులోని మా అక్క ఇరుళాయి పేరిట చేసినాను. ఆమె యాలకుల గిడ్డంగిలో కాయలు ఏరే పని చేస్తూ, ఈ మధ్య సొంతంగా చిన్న పొట్లాలు కట్టి అమ్ముతున్నది.

ఇక్కడ నా వృత్తే నా కొంప ముంచింది. మా పక్క చెవులు కుట్టినా, కొత్త ఇల్లు చేరినా, టీ కొట్టు తెరిచినా వీధిలో ఫ్లెక్స్ కట్టవలెను. దానిలో చుట్టాలందరి ఫొటోలు వరుస తప్పకుండా ఉండవలెను. ఎవరి ముఖం పైన, ఎవరిది కింద అని తెలిసినవాడు కావాలి గనుక, ఫ్లెక్సు దుకాణంవారు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. కంప్యూటరు ముట్టనివ్వలేదు, వేలితో చూపడం మాత్రం నా పని. ఒకసారి అక్క భర్త ఆండియప్ప బావ ఫొటో కింది వరుసకు జారిందని ఆయన విస్తరి ముందు నుంచి లేచి బస్సెక్కినాడు. ఇవన్నీ పడినవాడికి అక్క పేరిట పేజీ అనగానే ఏమి తోస్తుంది? నలభై మూడు ఫొటోలు పెట్టినాను. నల్లద్దాలతో, చెవికి ఫోను ఆనించిన ఆండియప్ప బావ అందరికన్నా పైన. పేజీ తెరవగానే నాదస్వరం. యాలకులు, ఫోను నంబరు అందరికన్నా కింద.

ప్రదర్శన దినం తమరే ముందు వరుసలో కూర్చున్నారు గనుక మిగతాది తమరెరిగినదే. ఫొటోలు ఒక్కొక్కటే దిగినవి. తమరు టీ పూర్తిగా తాగేసినారు, ఇంకా మా చిన్నాయనల వరుస వస్తానే ఉన్నది. నాదస్వరం ఆపే బటను నేను పెట్టలేదు. ఇందుజ గారు స్పీకరు వైరు పీకి, మెల్లగా అడిగినారు.

"అంకుల్, అంతా సరి. ఏలక్కాయ ఎక్కడుండాది?"

"కిందుకు పోతే వస్తాదమ్మా."

"ఎంత కిందుకు?"

పిల్లలు నవ్వినారు. తమరు కూడా నవ్వినారు. ఇది ఫిర్యాదు కాదు.

4. ఒక్క ఫోను కూడా రాలేదన్న కారణం మీద నా పేరు కొట్టివేయనున్నట్టు నోటీసు అంటించినారు. ఫోను వచ్చింది. మదురై నుంచి ఒక పెళ్లి బ్రోకరు ఓపికగా కింది దాకా దిగి, నంబరు పట్టుకొని మా అక్కకు ఫోను చేసినాడు. అక్క నాకు చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను: "ఏలక్కాయ ఎంత కావాల అంటే, ఏలక్కాయ వద్దమ్మా, నాలుగో వరసలో నీలం చొక్కా పిల్లోడు ఉండాడే, వాడికి సంబంధం చూస్తా ఉండారా అంటాడురా!" ఆ నీలం చొక్కా అక్క కొడుకు కదిరవన్. నిబంధనలో ఫోను రావలెనని ఉన్నది గాని యాలకుల కోసమే రావలెనని లేదు. ఈ వాదం చెప్పగా ఇందుజ గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. నిజానికి దీన్ని నేను కూడా నమ్మడం లేదు. అయినా తాత నకళ్లలో ఒక్క వాదం కూడా వదలకుండా రాసేవారు గనుక రాసినాను.

5. తప్పు తెలిసి, ఫొటోలన్నీ తీసివేయ నిశ్చయించినాను. చెప్పకుండా తీస్తే ప్రాణానికే మోసం గనుక మొదట ఆండియప్ప బావకు ఫోను చేసినాను.

"ఏంరా మునిసామి, నన్ను తీసేస్తావా?"

"అందరినీ తీసేస్తా ఉండాను బావా."

"అందరినీ అంటే సరి. నన్ను మాత్రం అంటేనే తప్పు," అని పెట్టేసినాడు. అక్క అయితే, "నా ఫొటో గూడ వద్దురా. కాయ వాసన పంపించేదానికి అయితాదా, అది చూడు," అనింది. వాసన తమ పాఠ్యప్రణాళికలో లేదని చెప్పినాను. కొత్త పేజీలో పైన నంబరు, దాని కింద పచ్చటి కాయల ఫొటో ఒకటి, అంతే ఉంటుంది. దీనికి పదిహేను దినములు చాలును. వచ్చే బ్యాచికి యాభై దాటినవారిని చేర్చుకోరట. అంటే ఇప్పుడు పోతే నాకు ఇక ఈ తలుపు లేదు.

6. ఇది రాయకూడదనుకున్నాను.

నా కుడి చేయి వణుకుతున్నది. రెండేళ్లయింది. పెద్దాసుపత్రిలో చూపిస్తే మాత్రలిచ్చినారు. బ్రష్షు మాత్రం నిలవడం లేదు. ఆఖరున రాసిన మెడికల్ షాపు బోర్డులో గీత పక్కకు పోయింది. ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు ఇంకొకరిని పిలిచి దాని మీదనే రాయించినాడు. ఫ్లెక్సులు వచ్చి పని పోయిందని అందరికీ చెప్పుకుంటున్నాను. అది నమ్మేట్టుగా ఉంటుంది. చేయి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

తమ కేంద్రంలో మొదటి వారం ఒక గీత గీస్తుండగా చేయి వణికి అది వంకర పోయింది. ఇందుజ గారు రెండు మీటలు కలిపి నొక్కమన్నారు. నొక్కితే తప్పు పోయింది. గీత లేదు, మచ్చ లేదు, తుడిచిన గుర్తు కూడా లేదు. అయ్యా, ముప్పై ఏళ్లలో ఏ గోడా నాకు తప్పు వెనక్కి తీసుకోనివ్వలేదు. నేను బాత్రూముకు పోయి ఏడ్చి వచ్చినాను. పిల్లలతో జలుబన్నాను. నాకు వేరే పని చేతకాదు. వణికే చేతితో చేయగల పని నాకు తెలిసి ఇదొక్కటే. దీన్ని నా దగ్గర నుంచి తీసుకోవద్దు.

కావున తమరు దయతో గడువు మంజూరు చేయవలెనని ప్రార్థన. ఈ కాగితం చిత్తగించినను, చదివి ఇంకొకసారి నవ్వినను, రేపు తొమ్మిదిన్నరకు తరగతి తలుపు దగ్గర నిలబడి ఉంటాను.

ఇట్లు,
ఇంకా పేరు కొట్టివేయబడని తమ విధేయుడు,
మునిసామి

తా.క.: కాగితం జరగకుండా ఇంతసేపూ జోతిమణి రెండు చేతులతో అదిమి పట్టుకున్నది. ఆమెకు తెలుగు చదవరాదు. సంతకం అయినాక, "చేయి సంగతి రాస్తివా?" అని అడిగింది. ఏ చేయి అన్నాను.

"సుమ్మా ఉండు, దాచింది చాల్లే. రెండేండ్లుగా నీ గ్లాసులో కాఫీ సగమే పోస్తా ఉండాను. ఎందుకనుకుంటివి?"

పాలు మిగులుస్తున్నదనుకున్నాను. మూతి ముడుచుకొని తాగినాను కూడా. ఇది కాగితం గనుక రెండు మీటలు నొక్కితే పోదు. కావున ఆరో అంశంలో 'ఇంట్లో ఎవరికీ తెలియదు' అన్న ముక్కను తమరే తమ కలంతో కొట్టివేయవలెను. పేరు మాత్రం ఉంచవలెను.