అమ్మ బయటికి పోలేదు

మంగళవారం, జువ్వలదిన్నె

నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తెలిసి వారమైనా, ఇంట్లో మేమింకా యూరిన్ ప్రాబ్లం అనే అంటున్నాం. ఈరోజు నెల్లూరులో డాక్టరు గారు వైద్యం గురించి చెప్పబోయి ఆగినారు. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. మగవాళ్లతో మాట్లాడాలి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ ముందర ఆ మాటలు వినే ధైర్యం నాకెక్కడిది?

అమ్మ కుర్చీలోంచి కదల్లేదు. "ఈయనతో కాపురం చేసేది నేను సార్. చెప్పండి" అనింది.

డాక్టరు గారు నాన్న వైపు చూసినారు. నాన్న తలూపినాడు. ఇక అప్పటిదాకా నాతో మాట్లాడతా ఉన్న ఇంగ్లీషు మానేసి, వాళ్లిద్దరికే తెలుగులో చెప్పినారు. మగ హార్మోను ఆపే ఇంజెక్షన్లు వేస్తారంట. కోరిక తగ్గిపోతుందంట. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు పుట్టి చెమటలు పోస్తాయంట. నేను గోడమీది క్యాలెండరు చూస్తా కూర్చున్నా.

అమ్మ నవ్వింది. "సెగలా? నాకు ముట్లుడిగినప్పుడు వచ్చినాయి సార్. తెల్లారి సముద్రం మీద చేపల వేటకి పోవాల్సిన మనిషి, రాత్రంతా కూర్చొని విసనకర్రతో విసిరేవాడు. ఇప్పుడు నా వంతు."

నాన్న సిగ్గుపడతా నవ్వినాడు. జబ్బు తెలిసినాక ఆయన నవ్వడం ఇదే మొదలు.

అమ్మది ఎంత గుండె! రేపు నాకే ఇట్టాంటిది వస్తే, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటానా? ఏమో...

అమ్మకి ఆ సెగలొచ్చినప్పుడు నేను ఇంటరు. మాది ఒకటే గది. ఆ విసనకర్ర గాలి నాకూ తగిలేది. చదివి అలిసిపోయినానని నాన్న నాకోసమే విసురుతున్నాడనుకుని నిద్రపోయేవాణ్ణి.