ఎనిమిది మీద ఇద్దరం

మే 24. ఉదయం 11:10, దుకాణం కట్టేశాక

నా అబద్ధానికి జవాబు వచ్చింది. షిన్‌జూ ఊళ్ళో ఇంటర్నెట్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉంది. పెట్టెతో పాటు ఎవరూ చదవని చిన్న పుస్తకం ఒకటి వస్తుంది కదా, అది రాసే మనిషి కావాలట. దరఖాస్తులో "ఇంటి ఇంటర్నెట్ మాటలన్నీ బాగా తెలుసు" అని రాశాను. చదివింది చరిత్ర. జూన్ 2, మధ్యాహ్నం రెండు గంటలకు వీడియోలో ఇంటర్వ్యూ.

ఇది రాకపోతే తైనాన్‌లో అమ్మ టిఫిన్ దుకాణంలో గుడ్డు రొట్టెలు చుట్టడం మూడో ఏడాదిలో పడుతుంది. వేళ్ళకు పట్టిన ఉల్లికాడల వాసన ఇప్పటికే సబ్బుకు లొంగడం లేదు.

నిర్ణయాలు:
1. రోజుకొక మాట నేర్చుకోవాలి.
2. నెట్ ఆగితే ప్లగ్గు పీకి పెట్టే వైద్యం చేయకూడదు. కారణం కనుక్కోవాలి.
3. మూఢనమ్మకాలకు చోటు లేదు.

మూడోది అమ్మమ్మ కోసం. మోడెమ్ నెత్తిన ఆకుపచ్చ పాకెట్టు ఒకటి కూర్చోబెట్టింది. కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి. దాని పేరుకే 'బుద్ధిగా ఉండు' అని అర్థం. అది పైనుంటే యంత్రం చెప్పిన మాట వింటుందట. తీయబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

మే 25. మధ్యాహ్నం 12:30

మోడెమ్ = దుబాసీ. వీధిలోంచి వచ్చే తీగ ఒక భాష మాట్లాడుతుంది, ఇంట్లో యంత్రాలకు ఇంకో భాష. అమ్మమ్మకు తైవానీ తప్ప రాదు, తైపే నుంచి వచ్చే కుర్రకారుకు అది రాదు, మధ్యలో అమ్మ. మా అమ్మ మోడెమ్!

ఇంత సులువా? నేను చరిత్ర ఎందుకు చదివినట్టు?

మే 26

ఒకే రోజు రెండు మాటలు!

రౌటర్ = వచ్చిన ప్లేటు ఏ బల్లకు పోవాలో చూసే మనిషి. అదీ అమ్మే.
డీఎన్ఎస్ = పేరు చెబితే చిరునామా చెప్పేది. "పళ్ళ డాక్టరు కోడలు" అంటే చాలు, అమ్మమ్మ సందు, గుమ్మం, గుమ్మంలో చెప్పుల రంగు కూడా చెబుతుంది.

ఈ లెక్కన మా ఇంట్లో పనిలేని యంత్రాన్ని నేనొక్కదాన్నే.

మే 27. ఉదయం 11:00

ఐపీ అడ్రస్ = బల్ల నంబరు. డీహెచ్‌సీపీ = గుమ్మంలో నంబరు బిళ్ళలు పంచే పని. మనిషి వస్తే బిళ్ళ ఇస్తాం, తిని వెళ్ళిపోతే అదే బిళ్ళ ఇంకొకరికి. ఒకే బిళ్ళ ఇద్దరికిస్తే? ఒకరి రొట్టె ఇంకొకరు తింటారు. బాగా గుర్తుంటుంది.

మే 28. సాయంత్రం 4:00

ధైర్యం ముదిరింది. బిళ్ళలు యంత్రం పంచడమేమిటి, నేనే పంచుతానని డీహెచ్‌సీపీని ఆపేశాను. చిరునామాల చివరి అంకెలు కాగితం మీద రాసి గోడకు అంటించాను:

రౌటర్ 1
అమ్మ ఫోన్ 2
టీవీ 3
అమ్మమ్మ ట్యాబ్ 4
దుకాణం ప్రింటర్ 5
నా ఫోన్ 6
నా ల్యాప్‌టాప్ 8

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది.

"నాలుగంటే చావన్నట్టే వినపడుతుందని ఆసుపత్రిలో నాలుగో అంతస్తే ఉండదు. మోకాలు కోయించుకోవడానికి పోతే మూడు తర్వాత అయిదే వచ్చింది. నువ్వు నన్ను తీసుకెళ్ళి నాలుగులో కూర్చోబెట్టావా?"

అది బయటికి కనపడే అంకె కాదని చెప్పాను.

"కనపడకపోతే మరీ చెడ్డది."

తనకు ఎనిమిది కావాలంది. ఎనిమిదంటే కలిసొచ్చే అంకె, ఎవరికి చేదు? గొడవ వదిలించుకోవడానికి ట్యాబ్‌లో ఎనిమిదే పెట్టాను. నా ల్యాప్‌టాప్‌కు ఇంకో అంకె రేపు పెట్టుకుంటాను.

మే 29

పెట్టుకోలేదు. నాలుగు ఖాళీగా ఉంది, నిజమే. కానీ ఇంటర్వ్యూ ముందు నాలుగు పెట్టుకోవడం... నమ్మకం కాదు, జాగ్రత్త. తొమ్మిది పెట్టుకోవచ్చు. కానీ నాలుగు రోజుల్లో ఇంటర్వ్యూ ఉందనగా చేతిలో ఉన్న ఎనిమిదిని ఎవరైనా వదులుకుంటారా? ట్యాబ్ ఎలాగూ రోజంతా నిద్రపోతుంది. వంతులవారీగా వాడుకుంటాం.

నేటి మాట: బ్యాండ్‌విడ్త్. సందు వెడల్పు. ఇంకా రాయాలి. ఉక్కపోతగా ఉంది.

మే 30. మధ్యాహ్నం 3:20

నేటి మాట: లేదు.
ఆకలి. అమ్మ పడుకుంది. ఇంట్లో తినడానికి ఉన్నవి: పచ్చి గుడ్లు 40, ఆకుపచ్చ పాకెట్టు 1.

3:35. మూఢనమ్మకాన్ని నిర్మూలించాను. కొబ్బరి రుచి బాగానే ఉంది.

3:50. నెట్ పోయింది.

3:51. రెండింటికీ సంబంధం లేదు.

3:52. ప్లగ్గు పీకి పెట్టాను. వచ్చింది. రెండో నిర్ణయం కూడా పోయింది.

4:30. మూలమీద కొట్లో పసుపు పాకెట్టు మాత్రమే ఉంది. పసుపుది పెడితే యంత్రానికి ఆకుపచ్చ దీపం ఆరి, హెచ్చరించే పసుపు దీపమే వెలుగుతుందంటారు. ఎవరంటారు? నేనే, కొట్టువాడితో. మూడు కొట్లు తిరిగి ఆకుపచ్చది తెచ్చి పెట్టాను. మూడో నిర్ణయానికి నమస్కారం.

జూన్ 1

ఫైర్‌వాల్ గురించి వీడియో పెట్టుకున్నాను. పిల్లుల వీడియో దగ్గర తేలాను. నేర్చుకోవాల్సినవి తొమ్మిది, వచ్చినవి అయిదున్నర. బ్యాండ్‌విడ్త్‌ను సగం లెక్క వేశాను.

జూన్ 2. మధ్యాహ్నం 3:15

ఇంటర్వ్యూ అయింది. వరసగా రాస్తాను.

1:58. ఇస్త్రీ చొక్కా పైన, కింద ఇంటి నిక్కరు. ఇంటర్వ్యూ చేసేది హో గారు, అరవై ఏళ్ళ ఆవిడ, చిన్న గొంతు. మోడెమ్ అంటే ఏమిటన్నారు. దుబాసీ అన్నాను. రాసుకున్నారు!

2:06. హో గారు నోరు తెరిచి ఉండగానే బిగుసుకుపోయారు.

పక్క గదిలో డప్పులు మోగాయి. రెండయితే అమ్మమ్మ ట్యాబ్‌లో నాటకం పెట్టుకుంటుంది. రోజూ. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటున్నాను, నాకు తెలియదా? ఎనిమిది మీద ఇద్దరం కూర్చున్నాం.

2:08. ఫోన్‌కు ఇంటి నెట్ ఆపేసి హో గారికి ఫోన్ చేశాను. లైను పోయిందా అని ఆవిడే అడిగారు. అవునంటే సరిపోయేది. ఈ వీధిలో లైను ఎప్పుడైనా పోతుంది, ఎవరూ తప్పు పట్టరు. నోట్లోంచి మాత్రం నిజం వచ్చేసింది.

"లైను బాగానే ఉందండీ. నేనూ మా అమ్మమ్మా ఒకే అంకె పెట్టుకున్నాం."

బిళ్ళలు, ఆపేసిన డీహెచ్‌సీపీ, మోకాలి ఆపరేషన్, అన్నీ చెప్పాను. ఆవిడ ఒకటే అడిగారు.

"మరి మీరు నాలుగు తీసుకోవచ్చుగా?"

"ఈ రోజు ఇంటర్వ్యూ ఉంది కదండీ."

నవ్వు వినపడింది, తర్వాత దగ్గు, మళ్ళీ నవ్వు. దరఖాస్తులో రాసినంత నాకు తెలియదని కూడా చెప్పేశాను. అది మొదటి నిమిషంలోనే తెలిసిందన్నారు. మా మోడెమ్ మీద ఆకుపచ్చ పాకెట్టు ఉందా అని అడిగారు. ఉంది కానీ అది రెండోది, మొదటిది తినేశానన్నాను.

"తిన్న సంగతి మాత్రం ఇక్కడెవరికీ చెప్పకండి, మా సర్వర్ల గదిలో అలాంటివి పన్నెండున్నాయి. ఇప్పుడు చెప్పిన బిళ్ళల కథ ఒక పేజీ రాసి పంపండి. మీ అమ్మమ్మకు అర్థమైతే వచ్చి చేరండి."

జూన్ 3. సాయంత్రం 5:00

డీహెచ్‌సీపీని మళ్ళీ పనిలో పెట్టాను. గోడ మీది కాగితం చింపాను. పేజీ రాశాను. అమ్మమ్మకు తైవానీలో చదివి వినిపించాను. బఠాణీలు ఒలుస్తూ విన్నది.

"అంటే మీ అమ్మ గుమ్మంలో నిలబడ్డట్టే. ఇద్దరికి ఒకే బిళ్ళ ఇస్తే తప్పు ఇచ్చినదానిది. ఇంత చిన్న సంగతికి కాగితమెందుకే?"

అర్థమైంది!

ఇప్పుడే పంపాను. పంపేముందు ల్యాప్‌టాప్‌ను మోడెమ్ పక్కన, పాకెట్టుకు ఆనించి పెట్టాను. చోటు లేక.

ఉద్యోగానికి ఇంకా చాలా మాటలు కావాలి. కొత్త నిర్ణయం: రోజుకొక మాట. ప్లగ్గు ముట్టను. మూఢనమ్మకాలకు చోటు లేదు. ఈసారి గట్టిగా.

రేపు నాలుగో తేదీ కాబట్టి, ఎల్లుండి నుంచి.