ముందుచూపున్న ఇల్లు

శిక్షణాధికారి గారికి నమస్కరించి,

మాజీ సైనికుడినని తమరు మంజూరు చేసిన ఉచిత శిక్షణతో ఇళ్లు అమ్మే పని నేర్చుకుంటున్నాను. తమ దయవల్ల నిన్నటికి రెండిళ్లు అమ్ముడయ్యాయి.

మొదట్లో ఒక్కరూ కొనలేదు. పడగ్గది చూపించమంటే, పాత అలవాటు కొద్దీ, తిన్నగా డాబా ఎక్కించేవాణ్ణి. "ఎవరొస్తున్నా వీధి మలుపులోనే కనిపిస్తారు. వెనక తలుపు గుండా తప్పించుకోవచ్చు" అనేసరికి, పిల్లాపాపలతో వచ్చినవాళ్లు బతుకుజీవుడా అని వెళ్లిపోయేవారు.

మొన్న ఒక దర్జీ మాత్రం, భార్య వంటగది చూస్తుండగా, నా చెవిలో అడిగాడు. "మా అత్తగారొస్తున్నా కనిపిస్తుందాండీ?"

"ఆవిడ గేటు తీసేలోపు మీరు వెనక సందులో ఉంటారు" అన్నాను. అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాడు.

నిన్న ఆ పక్కిల్లు ఒక పెద్దావిడకి చూపించాను. "డాబా మీంచి పక్కింటి వెనక తలుపు కూడా కనిపిస్తుందండీ" అన్నాను. ఆవిడ మురిసిపోయి, "మా అల్లుడిల్లే బాబూ అది! ఇంకేం చూడక్కర్లేదు" అన్నారు.

పొద్దుటినుంచి దర్జీ కత్తెర చేత్తో పట్టుకుని మా గుమ్మం ముందు తచ్చాడుతున్నాడు. కాబట్టి మిగిలిన శిక్షణ వేరే ఊళ్లో ఇప్పించగలరని ప్రార్థిస్తూ,

తమ విధేయుడు.

తా.క. మా ఇంటికి వెనక తలుపు లేదు.