తొలగించిన పైపూతలు

2024 నవంబర్ 4, చోడవరం

నువ్వు దొంగసొత్తుని టికెట్ కొని చూసినవాడివి. ఈ డైరీ ఎవరి చేతికి చిక్కినా సరే, ఆ మాట ముందే అనేస్తున్నాను. గాజుపెట్టె ముందు సెల్ఫీ తీసుకున్నావు. లోపలున్నది ఎవరిదని అడిగావా?

ఆర్టీఐలో అడిగిన ఫైల్ ఇవాళ వచ్చింది. రెండు మ్యూజియంల మధ్య నడిచిన ఉత్తరాలు. చీడికాడ దగ్గర మా ఊరి తల్లి, మా గ్రామదేవత చెక్క ముఖాన్ని 1981లో మూడు నెలల ఎగ్జిబిషన్‌కని మనవాళ్ల మ్యూజియం పట్టుకెళ్లింది. తర్వాత దాన్ని విదేశీ మ్యూజియంకి లోన్ ఇచ్చింది. రెన్యువల్ మీద రెన్యువల్. ఒకరికొకరు కృతజ్ఞతలు. మా ఊరి పేరు ఒక్క ఉత్తరంలోనూ లేదు. "గ్రామీణ కళ, ఆంధ్ర తీరం" అట!

నవంబర్ 5

మా ఊరి అప్పయమ్మకు ఫైల్ చదివి వినిపించాను. ఏటా పండగ ముందు ఆ ముఖానికి రంగు పెట్టేది వాళ్లింటి ఆడవాళ్లే. పాత రంగు గీకకూడదు. దాని మీదే కొత్త పూత. చింతగింజల జిగురు, పసుపు, మసి. వాళ్లమ్మ పూత మీద ఈవిడ పూత. ఆఖరిది ఈవిడే పెట్టింది. ఇప్పుడు ఎనభై దాటింది.

కాయితాలు తర్వాత సదువుదువుగాని బాబూ, తల్లెప్పుడొస్తాదో సెప్పు, ఒక్కపాలి రంగెట్టి సచ్చిపోతాను అంది. ఇన్నేళ్లూ అరుస్తానే ఉన్నావు, ఈపాలైనా గెలుస్తావేటి అని ఎత్తిపొడిచింది కూడా.

నవంబర్ 19

మా తల్లి విశాఖ వస్తోంది. ఎగ్జిబిషన్‌కి. మన సొత్తు మనకే లోన్!

ముఖం తిరిగివ్వమన్న నా పిటిషన్‌కి మనవాళ్ల మ్యూజియం జవాబిచ్చింది. అప్పయమ్మ వచ్చి గుర్తుపడితే తిరిగిచ్చే సంగతి ఆలోచిస్తారట.

నవంబర్ 27, సాయంత్రం, బస్సులో

అప్పయమ్మతో విశాఖ నుంచి తిరిగొస్తున్నాను.

కొంగులో రంగు పొట్లం కట్టుకొచ్చింది అప్పయమ్మ. గాజుపెట్టెలో ఉత్త చెక్క. కళ్లు లేవు, బొట్టు లేదు. చుట్టూ తిరిగి చూసి, ఇది మా తల్లి కాదు బాబూ అంది. ఔనని చెప్పమని చెవిలో బతిమాలాను. తల్లి పేరెట్టి అబద్దమెలా ఆడతాన్రా, మాయమ్మ పూతేది, నా పూతేది, ఏదో మొద్దెట్టి మనల్ని ఎర్రోళ్లని సేస్తన్నారు అంది.

మ్యూజియం ఆఫీసర్ కీర్తి అంతా రాసుకుంది. థాంక్యూ అమ్మమ్మా అంది.

నవంబర్ 30

ఫైల్‌లో రావలసిన మిగతా పేజీలు ఇవాళ వచ్చాయి. 1996లో విదేశీ మ్యూజియం రాసింది: "తరువాతి కాలపు నాసిరకం పైపూతలన్నీ తొలగించాం. అసలు రూపం బయటపడింది." మనవాళ్ల జవాబు: "అభినందనలు."

అసలట! తరతరాల ఆడవాళ్ల చేతుల్ని గీకి పారేసి, మిగిలిన కర్రముక్కని అసలంటారా?

డిసెంబర్ 9

విదేశీ మ్యూజియంకి మనవాళ్ల మ్యూజియం రాసిన ఉత్తరం, కాపీ నాకు. "హక్కు కోరినవారే వస్తువును గుర్తించలేదు. లోన్ పొడిగింపునకు అభ్యంతరం లేదు."

డిసెంబర్ 10

పూతలన్నీ గీకేశారని అప్పయమ్మకు చెప్పాను. అయితే అది తల్లేనా అంది.

డిసెంబర్ 12

డిమాండ్లు.

1. ముఖం తిరిగి రావాలి.
2. అప్పయమ్మ బతికుండగా రావాలి.
3. గాజుపెట్టె తాళం ఆమె చేతికివ్వాలి.
4. గీకిన రంగు ఎక్కడ పారేశారో చెప్పాలి.