ఘర్షణ ఎటువైపు

ఏప్రిల్ 6
మేఘన స్కూల్‌కి, ఆయన ఆఫీస్‌కి. ఎనిమిదింపావుకల్లా ఇల్లు ఖాళీ. బాల్కనీ నిండా పైన్ చెట్ల పుప్పొడి, పసుపు ఆరబోసినట్టు. తుడవాలి. తుడవలేదు.

పిల్లకి ఏపీ ఫిజిక్స్ పరీక్ష ఇంకా అయిదు వారాలు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మన ఇంటర్ సిలబస్సే అనుకుని సంబరపడ్డాను. "ఆంధ్రప్రదేశ్ కాదమ్మా, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికా పరీక్ష..." తండ్రీ కూతుళ్లు వారం రోజులు నవ్వారు.

ఏప్రిల్ 8
ప్రాక్టీస్ టెస్ట్‌లో మళ్లీ తక్కువే. నేను చూడనా అన్నాను. "ఇక్కడ అలా చెయ్యరమ్మా. ట్యూటర్ ఉన్నాడు కదా." తలుపు వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేది. మెల్లిగా, మర్యాదగా వేసింది.

పదకొండేళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. సెక్షన్‌కి ఎనభై మంది. ఈ వీసా మీద ఉద్యోగం కుదరదు, సరే. కన్న కూతురికి ఒక్క లెక్క చెప్పడానికి ఏ వీసా కావాలో.

ఏప్రిల్ 9
వాన. డెంటిస్ట్ ఆఫీస్ ఫోన్‌లో రికార్డింగ్ గొంతు రేపు వస్తున్నారా అని అడిగితే ఒకటి నొక్కాను. ఇవాళ్టికి నా మాటలు అవే.

ఏప్రిల్ 13
రీసైక్లింగ్ బుట్టలో పాప పారేసిన ప్రశ్నపత్రం. తీసి డైనింగ్ టేబుల్ మీద పరుచుకున్నాను. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో తెలీదు, పప్పు అడుగంటింది. అన్ని ప్రశ్నలూ చేసేశాను. చెయ్యి ఇంకా మర్చిపోలేదు. ఎంత సంతోషమో. ఎవరికి చెప్పను...

ఏప్రిల్ 14
మార్కులు ఎలా వేస్తారో ఆన్‌లైన్‌లో దొరికింది. నా పేపర్ నేనే దిద్దుకున్నాను, ఎర్ర పెన్‌తో. మొదటి ప్రశ్నకి పదిహేనుకి తొమ్మిది. జవాబులన్నీ కరెక్టే. కానీ ప్రతిచోటా "ఎందుకో వాక్యాల్లో రాయండి" అని ఉంది. నేను ఒక్క వాక్యం రాయలేదు. లెక్కలో మాటలకి మేం ఎప్పుడు మార్కులు వేశాం గనక. పిల్ల అన్నది నిజమే, ఇక్కడ అలా చెయ్యరు. సిగ్గేసింది.

ఏప్రిల్ 16
రోజుకి ఒక లెక్క, ఒక ఇంగ్లిష్ వాక్యం. లెక్క పది నిమిషాలు. వాక్యం గంట.

ఏప్రిల్ 18
ఆయన లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే — "నీకెందుకీ తిప్పలు, తను చదువుకుంటుందిలే." ప్రేమగానే అన్నారు. ఏం చేసుకోను ఆ ప్రేమని.

ఏప్రిల్ 21
వాలు మీద పైకి దొర్లే బంతి. ఘర్షణ ఎటువైపు? బంతి పైకి పోతోంది కాబట్టి ఘర్షణ కిందకి అని రాస్తారు. నా పదకొండు బ్యాచ్‌లూ ఇక్కడే బోల్తా. పైకి పోతున్నా ఘర్షణ పైకే.

కాగితం లోపలుంది, లేవబుద్ధి కాలేదు. బాల్కనీ టేబుల్ మీద పుప్పొడిలో వేలితో గీశాను. వాలు, బంతి, మూడు బాణాలు.

ఏప్రిల్ 22
పొద్దున్నే పాప బాల్కనీలో, చేతిలో కార్న్‌ఫ్లేక్స్ గిన్నె. "ఎవరు వేశారు ఇది?" ఇంట్లో ఇంకెవరున్నారు. "ఫ్రిక్షన్ యారో రాంగ్ కదా అమ్మా, బాల్ పైకి వెళ్తుంది." రాంగ్ కాదన్నాను. "వై?"

ఈ దేశం వచ్చిన తొమ్మిదేళ్లకి ఒకరు నన్ను ఎందుకని అడిగారు. నోట్లోంచి అంతా తెలుగే వచ్చింది — దొర్లడం, జారడం, ఘర్షణ. "ఘర్షణ అంటే ఫైట్ కదా?" "అదీ అదే." నవ్వింది. బస్ వచ్చేసింది. సగంలోనే పరుగు.

ఏప్రిల్ 23
వాన. టేబుల్ మీద బొమ్మ లేదు.

ఏప్రిల్ 26
తనే వచ్చింది వంటింట్లోకి. చపాతీ పీటని ఏటవాలుగా పెట్టి, దాని మీద కర్రని పైకి దొర్లించాను. బరువు దాన్ని వెనక్కి లాగుతోంది, సరే. తిరగడాన్ని ఎవరు తగ్గిస్తారు? ఘర్షణే. తిరగడం తగ్గాలంటే అది పైకే పట్టాలి. నేను తెలుగులో చెప్పడం, తను ఇంగ్లిష్‌లో రాసుకోవడం. మూడు వాక్యాలు, ఇద్దరివీ.

"ఎప్పుడూ పైకేనా అమ్మా?" పెనం మీద చపాతీ మాడుతోంది. "ఎప్పుడూ పైకే."

ఇరవై నిమిషాలు. కళ్లు తుడుచుకుంటే పొగ అనుకుంది.

మే 4
మళ్లీ రాలేదు. లైబ్రరీలో స్టడీ గ్రూప్ అట. ఆశ పెట్టుకోవడం నాదే తప్పు.

మే 13
పరీక్ష. నేనే దింపాను. మధ్యాహ్నం వచ్చి షూస్ విప్పుకుంటూ — "బానే రాశా. టూ డేస్ పేపర్ గురించి మాట్లాడకూడదమ్మా, రూల్." గదిలోకి పోతూ ఆగింది. "నీ ఘర్షణ వచ్చింది. ఓ... సారీ, చెప్పకూడదు."

నీ ఘర్షణ అంది. సాయంత్రమంతా అదే మాట.

మే 14
గిన్నెలు కడుగుతుంటే తట్టింది. బంతి జారకుండా దొర్లితేనే ఘర్షణ పైకి. తిరగకుండా జారుతూ పైకి పోతే కిందకే. ఆ సంగతి చెప్పనేలేదు. ‘ఎప్పుడూ పైకే’ అన్నాను. ఎనభై మంది ముందు ఏనాడూ అనని మాట, ఉన్న ఒక్క విద్యార్థితో అన్నాను. కుళాయి కట్టేశాను. అడగడానికి లేదు.

మే 15
పేపర్ ఆన్‌లైన్‌లో పెట్టారు. రెండో ప్రశ్న. బంతిని తిరగకుండా వాలు మీదకి తోశారు. ముందు జారుతుంది, తర్వాత దొర్లుతుంది. రెండుచోట్లా ఘర్షణ దిశ గీయండి, ఎందుకో రాయండి.

ముందు కిందకి. తర్వాత పైకి.

రెండు వాక్యాలూ ఇంగ్లిష్‌లోనే రాశాను. తప్పుల్లేవు. పాప ఏం రాసిందో. నా మాట నమ్మి రెండుచోట్లా పైకే గీసిందో... నమ్మకుండా ఉంటే బాగుండని కోరుకుంటున్నాను, నన్ను ఒక్కసారి నమ్మమని ఇన్నాళ్లూ ఏడ్చినదాన్ని.

చపాతీ పీట టేబుల్ మీద పెట్టాను. తీసేశాను. మళ్లీ పెట్టాను. తలుపు తీయగానే నేనే ముందు చెప్పాలి, ఆ ‘ఎప్పుడూ’ అన్న తప్పు నాది అని.

కింద బస్ ఆగింది.